ఏట్టయ్య తిన్న దారిముద్ద

మా వంశం వాళ్ళందరం ఉన్న వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే మా దూరపు చిన్నాయన కొడుకు ఒక మెసేజ్ పెట్టాడు. ఈసారి ఇలవేల్పు పూజ కోయంబత్తూరులో వాడి అపార్ట్‌మెంట్‌లోనట. అవినాశి రోడ్డు ట్రాఫిక్ సంగతి తెలిసిందే కాబట్టి అందరూ పెందలాడే బయలుదేరాలట. దాని కింద ఇంకో ముక్క: "వాచ్‌మన్ లీవు. దారిముద్ద తినేదానికి మనిషి దొరకలేదు. ఏదైనా ఆర్డర్ పెట్టి, తెచ్చినవాణ్ణే పైకి పిలిచి కూర్చోబెడదామా?" ఆ కింద నవ్వే బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. అక్కలు, వదినలు, మరదళ్ళు అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఫోను బోర్లా పెట్టి పోపు చూసుకుందామని వెళితే అది అప్పటికే మాడిపోయింది.

దారిముద్ద అంటే ఏమిటో మా వాళ్ళు కానివాళ్ళకి చెప్పాలి. మా పూర్వీకులు ఎప్పుడో ఉత్తరాన ఏదో ఏటి ఒడ్డున ఉండేవాళ్ళట. ఆ నేలనేలే దొర మా ఇంటి ఆడపిల్లని అడిగాడు. ఇవ్వమని చెప్పే ధైర్యం లేక, ఇచ్చే మనసు రాక, పిల్లాజెల్లా గొడ్డూగోదాతో దక్షిణానికి పారిపోయి వచ్చారు. ఏరు అడ్డం వస్తే ఒడ్డునున్న కానుగచెట్టు వంగి వీళ్ళకి వంతెన అయింది. వీళ్ళు దాటగానే మళ్ళీ లేచి నిలబడింది. అందుకే ఇప్పటికీ మేము కానుగ పుల్ల పొయ్యిలో పెట్టం. అక్కణ్ణుంచి వస్తుంటే దారిలో ఒక ఊళ్ళో జొన్నకోతకి మనుషులు కావాలన్నారు. మా వాళ్ళు చేలో దిగి పొద్దంతా కోశారు. కూటివేళకి ఆ ఊరివాళ్ళు తలుపులు వేసుకున్నారు. ఆ తరవాతి ఊళ్ళో ఒక ముసలామె, మీరెవరు, ఏ కులం అని అడక్కుండా జొన్నసంగటి ముద్దమీద ఉలవచారు పోసి పెట్టింది. ఆ ముద్ద తిన్నచోటే మేము నిలిచిపోయాం.

అందుకని ఏటా పూజనాడు, ఇంటివాళ్ళెవరూ ఎంగిలిపడకముందు, మా రక్తం కాని పరాయిమనిషికి మొదటి ముద్ద పెట్టాలి. ఆ ముద్ద తిన్నవాళ్ళు ఏడాదిపాటు మా ఇంటి నీడలో ఉన్నట్టే లెక్క. వస్తే పొమ్మనకూడదు, అడిగితే లేదనకూడదు. ఇది ఆచారం అని ఇప్పుడు తేలిగ్గా అంటున్నారు. మా చిన్నప్పుడు దాన్ని ఒట్టు అనేవాళ్ళు.

ఈ కథంతా చెప్పేది మా అవ్వ, అంటే నాయన తల్లి. నాయన పుట్టిన కొన్నాళ్ళకే తాత పోతే, ఒంటిచేత్తో మల్లెతోట పెంచింది, ఇల్లు నిలబెట్టింది. మదురైకీ దిండిగల్లుకీ నడుమ ఉండే మా ఊళ్ళో తెలుగు వీధికంతా ఆమె మాటే శాసనం. అవ్వ ఒంటికి ఎప్పుడూ నశ్యం వాసన, ఆముదం వాసన. నాకు తలంటు పోసేటప్పుడు మాడు మీద ఆముదం అద్ది, అరచేత్తో టపటప కొడుతూ ఈ కథ చెప్పేది. మధ్యలో కదిలితే తొడపాశం. ఆ గోళ్ళ గుర్తు సాయంత్రం దాకా ఉండేది.

"అవ్వా, తలుపులు వేసుకొన్న ఊరి పేరేంది?" అని ప్రతిసారీ అడిగేదాన్ని.

"అట్లాంటి ఊరికి పేరుండదే. పేరు పలికితే నోరు కంపు కొడతాది. వంచు తల."

ఆవలిగట్టు అక్క మా తోటకి వచ్చింది వానాకాలం చివర్లో. సముద్రానికి ఆవలిగట్టున, శ్రీలంకలో యుద్ధానికి భయపడి పడవెక్కి వచ్చిన మనిషి. భర్త అక్కడే పోయాడు. ఇక్కడ శరణార్థుల క్యాంపులో రేకుల కింద ఉండలేక, నా ఈడు కూతుర్ని వెంటబెట్టుకొని పని వెతుక్కుంటూ మా రోడ్డు పట్టుకొచ్చింది. ఆ రోజు అవ్వ గట్టు మీద నిలబడి కూలీలని తిడుతోంది. మల్లెమొగ్గ తెల్లారక ముందే కోయాలి, పొద్దెక్కితే విచ్చుకొని ఎందుకూ పనికిరాదు. ఆవలిగట్టు అక్క ఏమీ అడక్కుండా ఒడి కట్టుకొని వరసలో దిగి, తక్కినవాళ్ళు ఒక సాలు కోసేలోగా రెండు సాళ్ళు కోసేసింది. అవ్వ చూసింది. మోటారు షెడ్డులో మందు డబ్బాలు పక్కకి జరిపించి, వాళ్ళకి చాప వేయించింది. ఆమెని ఆవలిగట్టామె అని పిలవడం మొదలుపెట్టింది కూడా అవ్వే.

వాళ్ళు మాట్లాడేదీ అరవమే, కానీ మా చుట్టుపక్కల అరవం కాదు. మేము అవునంటే 'ఆమా' అంటాం. వాళ్ళు 'ఓం' అంటారు. ఆ పిల్లని ఏదడిగినా 'ఓం' అనేది. నాకూ మా తమ్ముడికీ అది పెద్ద ఆట. "చింతకాయ దొంగిలిద్దామా?" "ఓం." "అవ్వ నశ్యం డబ్బాలో కారప్పొడి కలుపుదామా?" "ఓం." పొద్దున్నే దేవుడి పేరు చెప్పి దొంగతనం చేస్తున్నట్టుండేది. పచ్చి చింతకాయల్ని ఉప్పూ కారంతో రాతిమీద నూరి, ఈతపుల్లకి గుచ్చి, మోటారు తొట్టిలో కాళ్ళు పెట్టుకొని నాకేవాళ్ళం. సముద్రం ఎట్లా ఉంటుందని నేనడిగితే, "రాత్రిపూట మాత్రమే చూశాను. నల్లగా ఉంది, వాంతి వచ్చింది" అనేది.

మా ఇంట్లో తిరిగి తిరిగి ఆ పిల్ల తెలుగు పట్టేసింది. నేను గురువుని కదా, దండిస్తూ నేర్పాను. ఎవరైనా 'మీదే ఊరు?' అనడిగితే ఏం చెప్పాలో కూడా నేర్పాను. మా ఊరి పేరు చెప్పి, చివర 'మాది' అని గట్టిగా అనాలి. జూన్‌లో బడి తెరవగానే నా తరగతిలోనే చేర్చాలని అమ్మ హెడ్మాస్టరుతో మాట్లాడి ఒప్పించింది. పిల్ల ఈ ఊళ్ళోనే ఉంటుందని ఇంటిపెద్ద వచ్చి చెబితే చాలన్నాడాయన. ఇక కావలసింది అవ్వ మాటే. పూజకి వారం ముందు అవ్వ వాకిట్లో ఉలవలు చెరుగుతూ ఆ మాటా అనేసింది.

"ఏమ్మే ఆవలిగట్టామె, ఈ ఏడు దారిముద్ద నీకూ నీ బిడ్డకే. తిన్నాక ఏడాది దాకా నిన్ను కదిలించేవాడు లేడు. బిడ్డని బడికి పంపు."

ఆవలిగట్టు అక్కకి ముద్ద సంగతి అమ్మ విడమరిచి చెప్పింది. విని ఆమె అవ్వ కాళ్ళు పట్టుకుంది. అవ్వ కాళ్ళు వెనక్కి లాక్కోలేదు. నాకు ఆ రోజు అవ్వ మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. అడక్కుండానే వెళ్ళి తలంటుకి కూర్చున్నాను.

పూజనాడు తెల్లారేసరికి రేడియోలో వార్తలు లేవు, పాటలు లేవు. ఏడుపులాంటి వాయిద్యం ఒకటే సాగుతోంది. కాసేపటికి మాట వినబడింది. దేశానికి పెద్ద నాయకుడు ఎన్నికల సభకని మా తమిళనాడుకే వచ్చి, రాత్రి బాంబు పేలి పోయాడు. దండ వేసే వంకన దగ్గరికి వచ్చిన ఆడమనిషి ఒంటికి బాంబు కట్టుకుందట. ఆవలిగట్టు వాళ్ళ పనేనని వీధిలో అప్పుడే తీర్మానం అయిపోయింది. అది ఏ దండో తరవాత్తరవాత రకరకాలుగా విన్నాను. ఆ ఉదయం మా తెలుగు వీధిలో మాత్రం అది మల్లెపూల దండే.

"పూలు చేతబట్టుకొని వచ్చి చంపినారంటనే!" అంది అవ్వ. అంటూ తోటవైపు చూసింది. సాళ్ళ మధ్య ఆవలిగట్టు అక్క, ఆ పిల్లా వంగి మొగ్గలు కోస్తున్నారు. వాళ్ళకింకా ఏమీ తెలియదు.

నాయన గొంతు తగ్గించి చెప్పాడు. "అమ్మా, పక్కూళ్ళో అప్పుడే పోలీసోళ్ళు ఇల్లిల్లూ అడుగుతుండారంట. క్యాంపు దాటొచ్చినోళ్ళని పెట్టుకొన్నామని తెలిసిందంటే మనల్నీ ఈడ్చుకొని పోతారు."

"అత్తా, మీరే మాటిస్తిరి గదా. పాపం, నమ్ముకొనుండారు" అంది అమ్మ.

"ఇస్తిని. మాటిచ్చింది నోరు, ముద్ద పెట్టేది చెయ్యి. చెయ్యింకా పెట్టలేదు గదా" అంది అవ్వ. అమ్మ మొహం చూసి ఇంకొంచెం దగ్గరికి జరిగింది. "మనమూ వచ్చినోళ్ళమే కోడలా. ఈ పొద్దు వాళ్ళని ఏ ఊరోళ్ళని అడుగుతారు. వాళ్ళని వెనకేసుకొస్తే రేపు మనల్ని అడుగుతారు, మీరు తెలుగోళ్ళు గదా, మీదే ఊరని. నువ్వు చెప్తావా జవాబు?"

ఈ వయసులో ఆలోచిస్తే అవ్వ భయం నాకు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన మింగుడు పడాలని లేదు.

అప్పుడే పూలమండీ తరకరి, అంటే దళారీ, మోపెడ్ మీద వచ్చాడు. బంద్ కదా, ఎందుకొచ్చాడా అనుకున్నాం. ఊరూరా, మూలమూలనా ఆ నాయకుడి పటం పెట్టి దండలు వేస్తున్నారట. తోటలో ఉన్న పూవంతా కావాలన్నాడు. విచ్చినదైనా సరే, ఈ రోజు ఎవడూ చూడడన్నాడు. కూలీలెవరూ ఇళ్ళు కదలి రాలేదు. కాబట్టి చావు పటాలకి మా ఊరి నుంచి పోయిన మల్లెలన్నీ ఆ తల్లీకూతుళ్ళు కోసినవే. అవ్వ గట్టు మీద నిలబడి, ఆ సాలు వదిలావు, ఈ కొమ్మ వదిలావు అని చివరి మొగ్గ దాకా కోయించింది. ఆ తరవాతే స్నానం చేసి రమ్మంది.

ఇక అవ్వకి మిగిలింది ఒక్క చిక్కు. దారిముద్ద పరాయిమనిషి తినాలి. తినకపోతే పూజ ముగియదు, ఇంట్లో ఎవరూ తినకూడదు. ఈ తల్లీకూతుళ్ళకి పెడితే ఒట్టు పడినట్టే, పోలీసులు వచ్చినా పొమ్మనకూడదు. వేరేవాళ్ళని పిలుద్దామంటే రోడ్డుమీద కాకి కూడా లేదు. మామూలు రోజైతే గాజులవాడో, ఉప్పుబండివాడో, తేని పట్నానికి కూరగాయల లారీ తోలేవాడో ఎవరో ఒకరు కనబడతారు. ఆ రోజు బస్సు లేదు, లారీ లేదు. బిచ్చగాళ్ళు కూడా బంద్ పాటించారు. నాయన తుండుగుడ్డ నెత్తిన వేసుకొని రోడ్డు మొగన నిలబడి, అతిథి కోసం అటూ ఇటూ చూస్తున్నాడు.

వాకిట్లో ఇలవేల్పు ముందు అరటాకు పరిచి ఉంది. దాని మీద సంగటి ముద్ద, గుంటలో నెయ్యి, పక్కన నల్లబెల్లం. ఉలవచారు తిరగమోత వాసనకి మా కడుపులు అరుస్తున్నాయి. తమ్ముడు బెల్లం ముక్క మీద చెయ్యి వేసి అవ్వ చేత చెంపదెబ్బ తిన్నాడు. ఆవలిగట్టు అక్క తలస్నానం చేసి అమ్మ ఇచ్చిన పాత చీర కట్టుకొని వచ్చి అరుగు చివర కూర్చుంది. అమ్మ అప్పటికే తెగించినట్టుంది. ఆ పిల్లకి నా పట్టులంగా తొడిగి, జడ వేసి, నాకు పెట్టినన్ని పూలూ దాని జడలోనూ పెట్టింది. ఎవరైనా చూస్తే మా ఇంటి పిల్లే అనుకోవాలని అమ్మ ఆశ.

"కొంచేపు ఉండండి. వేళ కాలేదు" అంది అవ్వ వాళ్ళతో.

వేళ దాటిపోయింది. ఎండ అరుగెక్కింది. సంగటి పైన పొర కట్టి, పొర ఎండి బీటలు వారింది. ఆ పిల్ల నా చెవిలో, "ఇంకెంతసేపు?" అనడిగింది. నాకేం తెలుసు? మన వంతు వచ్చేదాకా కదలకూడదేమో అన్నాను. అది బుద్ధిగా చేతులు కట్టుకొని కూర్చుంది.

అప్పుడు రోడ్డుమీద సైకిల్ గంట వినబడింది. నాయన ముందు నడుస్తుంటే వెనక ఏట్టయ్య వచ్చాడు. ఏట్టయ్య అంటే మా వైపు హెడ్ కానిస్టేబుల్. పొద్దుట్నుంచీ ఊళ్ళు తిరిగి చొక్కా చెమటకి అట్టకట్టుకుపోయింది. కొత్తవాళ్ళెవరైనా ఉన్నారా అని విచారించడానికి వచ్చానని అరవంలో చెప్పబోయాడు. అవ్వ చెప్పనివ్వలేదు. ఆమె మొహంలో అంత వెలుగు నేను దీపావళికి కూడా చూడలేదు.

"రాండి ఏట్టయ్యా, రాండి! దేవుడే పంపినాడు మిమ్మల్ని. కాళ్ళు కడుక్కోండి. మొదట సాప్పాడు, తరవాతే పని."

ఏట్టయ్యని పీట మీద కూర్చోబెట్టింది. ఎండిన పొర తీసేసి, చేత్తో ముద్ద మెత్తగా మెదిపి, వేడివేడిగా ఉలవచారు పోసింది. ఏట్టయ్య ఆబగా తిన్నాడు. పాపం, అతనికీ పొద్దుట్నుంచీ తిండి లేదు. అరుగు చివర ఆవలిగట్టు అక్క చూస్తూ ఉంది. ముద్ద అతని నోట్లోకి పోగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ ఇంటి నీడ ఎవరి మీదికి జరిగిందో ఆమెకి అప్పుడే తెలిసింది. ఆ పిల్ల మాత్రం తరవాత తనకే పెడతారని ఆకు వంకే చూస్తోంది.

ఏట్టయ్య చెయ్యి కడుక్కొని త్రేన్చాడు. అవ్వ అతనికి తుండుగుడ్డ అందిస్తూ, రేషన్ సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"అదో, ఆ మూల కూర్చోనుండేది ఆవలిగట్టామె. కూలికని వచ్చె. ఏ ఊరో ఏమో మాకు తెలీదు ఏట్టయ్యా. మా సొంతం కాదు."

ఏట్టయ్య లేచి వాళ్ళ ముందుకి వెళ్ళాడు. ఆ పిల్ల పట్టులంగాని, జడలో పూలని పైనుంచి కిందికి చూశాడు. "ఊరంతా ఏడుస్తుంటే నీకు పూలు కావలసి వచ్చిందా? సంబరం చేసుకుంటున్నారా తల్లీకూతుళ్ళు?" అని అరిచాడు. నా జడలోనూ పూలున్నాయి. అమ్మ కొప్పులోనూ ఉన్నాయి. మమ్మల్ని ఆ మాట ఎవరూ అడగలేదు. అతను జడలోంచి దండ లాగి పారేస్తే కొన్ని వెంట్రుకలూ ఊడివచ్చాయి.

"ఏ ఊరే మీది?"

ఆ పిల్ల నా వైపు చూసింది. ఏడవలేదు. నేను నేర్పినట్టే నిలబడి, మా ఊరి పేరు చెప్పి, తెలుగులో 'మాది' అంది గట్టిగా. ఉచ్చారణలో ఒక్క తప్పు లేదు. ఏట్టయ్య తెల్లబోయి అవ్వని చూశాడు. ఆ ఒక్క క్షణం అంతా అవ్వ చేతిలో ఉంది. ఊ అంటే చాలు, ఒక తలూపు చాలు.

"మా ఊరి పేరు నీ నోట రాకూడదే!" అంది అవ్వ. "ఎవరు నేర్పినారే నీకు?"

అమ్మ ఏడుస్తూ లోపలికి వెళ్ళి, మిగిలిన సంగటి ఆకులో చుట్టి తెచ్చింది. అవ్వ ఆమె చెయ్యి పట్టుకొని ఆపింది. అది కూడా దారిముద్దే అవుతుందని అవ్వ భయం. ఏట్టయ్య సైకిల్ తోసుకుంటూ వెనక, వాళ్ళిద్దరూ ముందు, ఎండలో రోడ్డు వెంట నడుచుకుంటూ పోయారు. పట్టులంగా ఆ పిల్లకి పొడుగై, అడుగడుక్కీ కాలికింద పడుతోంది. అది రెండుసార్లు వెనక్కి చూసింది. తలుపు వెయ్యమని అవ్వ నాయనతో చెప్పింది.

ఆ తరవాత మేము అన్నం తిన్నాం. తిన్నామని చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ తిన్నాం, ఆకలి మీదున్నాం, ఉలవచారు ఎప్పటికంటే బాగుంది. అమ్మ ఒక్కతే తినలేదు.

వాళ్ళని మొదట క్యాంపుకి తీసుకుపోయారనీ, అక్కణ్ణుంచి ఇంకెక్కడికో మార్చారనీ, ఓడెక్కించి వెనక్కి పంపేశారనీ తలా ఒక మాట అన్నారు. నాయన ఒకసారి విచారించబోతే అవ్వ ఊరుకోలేదు. జూన్‌లో బడి తెరిచారు. హెడ్మాస్టరు ఆ పిల్ల రాలేదేమని నన్నే అడిగాడు.

ఏట్టయ్య మాత్రం ఆ ఏడాదంతా మా నీడలోనే ఉన్నాడు. ముద్ద తిన్నవాడు కదా, పొమ్మనకూడదు, అడిగితే లేదనకూడదు. ఎవరో ఆ ఒట్టు సంగతి అతని చెవిన వేశారు. కోడిపెట్ట కావాలన్నాడు, కొబ్బరికాయలన్నాడు, భార్యకి రోజూ మల్లెపూలన్నాడు, ఆదివారం ఆదివారం భోజనానికి వచ్చాడు. అవ్వ పళ్ళు నూరుకుంటూ అన్నీ ఇచ్చింది. ఒట్టు తప్పే మనిషి కాదు మా అవ్వ. అదే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే సంగతి.

మరుసటేడు పూజకి ముందు నాకు తలంటు పోస్తూ అవ్వ మళ్ళీ కథ ఎత్తుకుంది. ఏరు, కానుగచెట్టు, అన్నీ వచ్చాయి. జొన్నకోత దగ్గరికి రాగానే దాటేసి, నేరుగా ముసలామె ముద్ద దగ్గరికి వెళ్ళిపోయింది. నేను తల తిప్పి, "కోత కోయించుకొని తలుపులు వేసుకొన్న ఊరి పేరేంది అవ్వా?" అన్నాను. తొడపాశం పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. మాడు మీద అవ్వ చెయ్యి ఆగిపోయింది. "నీళ్ళు చల్లారిపోతుండాయి, లెయ్యి" అంది. ఆ తరవాత బతికినన్నాళ్ళూ నాకు ఆ కథ చెప్పలేదు.

ఇందాక ఫోను మళ్ళీ తీసి చూశాను. ఆర్డర్ తెచ్చినవాణ్ణే కూర్చోబెట్టడం అందరికీ నచ్చిందట. తిన్నాక అతను ఏడాదిపాటు మన నీడలో ఉంటాడు, తెలుసా అని టైపు చేసి పంపాను. దానికీ నవ్వే బొమ్మలే వచ్చాయి. మా తమ్ముడి కూతురు ఒక్కతే విడిగా రాసింది. వీధుల పేర్లు, ఊళ్ళ పేర్లు వెతికి మన వంశం కథ రాస్తోందట. "అత్తా, మీరంతా చిన్నప్పుడున్న మల్లెతోట ఊరి పేరేంటి? నాన్నని అడిగితే నిన్నడగమన్నాడు."

ఆ పేరు నాకు తెలుసు. దాన్ని తప్పు లేకుండా పలకడం ఒకప్పుడు ఒకరికి నేర్పాను కూడా. అట్లాంటి ఊరికి పేరుండదమ్మా అని రాసి పంపించాను.